రాగాన్ని లిఖించిన వైద్యుడు

పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న మా బాహూరులోనే కాదు, తమిళనాట ఎక్కడైనా సరే, సంగీతం నేర్చుకునే పిల్లల పుస్తకం తెరిస్తే తెలుగు పాఠకుడికి ఒక వింత కనబడుతుంది. త్యాగరాజ కీర్తన తమిళ లిపిలో ఉంటుంది. కొన్ని అక్షరాల పక్కన 2, 3, 4 అనే చిన్న అంకెలు ఉంటాయి. తమిళంలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం కనుక ఏది ఏదో తెలియడానికి ఈ ఏర్పాటు. మన భాష రానివారు మన మాటను తప్పు లేకుండా పలకాలని పడిన శ్రమ ఆ అంకెలలో ఉన్నది.

మాటకే ఇంత అవసరమైతే రాగం సంగతి ఏమిటి? తోడి రాగంలోని గాంధారాన్ని పుస్తకం ‘గ’ అనే ఒక్క అక్షరంతో సరిపెడుతుంది. పాడేవారు మాత్రం ఆ స్వరం మీద నిలవరు. రిషభ మధ్యమాల నడుమ ఊగుతూ దానిని వినిపిస్తారు. ఆ ఊపు లేకపోతే అది తోడి కాదు. అటువంటి ఊపును కాగితం మీద పెట్టడానికి పూనుకొన్న తెలుగువారిలో అగ్రగణ్యులు డాక్టర్ శ్రీపాద పినాకపాణి.

ఆయన 1913 ఆగస్టు 3న శ్రీకాకుళం ప్రాంతంలోని ప్రియాగ్రహారంలో జన్మించారు. విశాఖపట్నంలో వైద్యం చదివి, 1945లో ఎం.డి. పట్టా పొందారు. విశాఖలోను, కర్నూలులోను వైద్య కళాశాలల్లో ఆచార్యులుగా పనిచేసి, 1968లో కర్నూలు ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. చాలామందికి ఈ ఒక్క జీవితమే చాలును.

రెండవ జీవితం రాజమహేంద్రవరంలో మొదలైంది. మైసూరుకు చెందిన బి.ఎస్. లక్ష్మణరావుగారి వద్ద ఆయనకు తొలి పాఠాలు లభించాయి. అసలు మలుపు మద్రాసులో ఆర్. రంగరామానుజ అయ్యంగారి శిష్యరికం. అయ్యంగారు వీణ ధనమ్మాళ్ సంప్రదాయంలోని వారు. ‘కృతిమణిమాలై’ పేరిట కృతులను స్వరసహితంగా సంపుటాలుగా వెలువరించిన పండితులు. ధనమ్మాళ్ బాణీకి తొందర పనికిరాదు. గమకం పూర్తిగా పండిన తరువాతనే స్వరం ముందుకు కదలాలి. ఈ నిదానం ఆ యువ వైద్యుణ్ణి పట్టి నిలిపింది.

ఆ రోజుల్లో తెలుగు విద్యార్థి పరిస్థితి విచిత్రమైనది. త్యాగయ్యగారు తెలుగులో రచించారు, తిరువయ్యారులో జీవించారు. 1847లో ఆయన సిద్ధి పొందిన తరువాత శిష్యపరంపరలు ప్రధానంగా కావేరీ తీరంలోనే వర్ధిల్లాయి. ఆంధ్రదేశానికి వారసత్వమే లేదనడం అన్యాయం. త్యాగయ్యగారి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారి నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారికీ, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికీ, అక్కడి నుంచి మంగళంపల్లి బాలమురళీకృష్ణకూ వచ్చిన ధార ఒకటి ఉన్నది. అయినా మద్రాసు సభలలో ప్రమాణంగా చలామణి అయినది తంజావూరు బాణీ. అది కావాలంటే ఇల్లు విడిచి వెళ్ళాలి. వెళ్ళలేనివారి గతి ఏమిటి?

పినాకపాణిగారు తన కృషినంతా ఈ ప్రశ్న మీదనే ధారపోశారు. ఆయన ఆకాశవాణిలో పాడారు, సభలలో పాడారు. కాని కచేరీల లెక్కతో ఆయనను కొలవడం కుదరదు. జీవనోపాధికి సంగీతం మీద ఆధారపడనక్కరలేని ఆ వైద్యుడు గాయకుడిగా కీర్తి కంటె గురుత్వాన్నే కోరుకున్నారు. నెడునూరి కృష్ణమూర్తి 1949లో ఆయనను ఆశ్రయించారు. ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం ఆయన వద్ద నేర్చినవారే. తెలుగునాట రేడియో విన్న రెండు తరాలకు ఈ పేర్లు పరిచయం చేయనక్కరలేదు.

ఎదుట కూర్చోలేనివారి కోసం ఆయన రాశారు. సామాన్యంగా స్వరలిపి ఏ తాళాక్షరానికి ఏ స్వరమో చెప్పి ఊరుకుంటుంది. ఈయన స్వరం లోపలి స్వరాలను కూడా లెక్కగట్టారు: గొంతు ఎక్కడ ఎత్తుకుంది, దేనిని తాకి వెనుదిరిగింది, ఎంతసేపు ఊగింది. నాడి పట్టి చూసే చేతికి ఈ ఓపిక సహజమేనేమో! తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలు ఈ శ్రమ ఫలితం. అంతటితో ఆగక, అప్పటికప్పుడు ఊహించి పాడే విద్యను గురించి కూడా ‘మనోధర్మ సంగీతం’ అనే గ్రంథం రచించారు.

అనువాదమే వృత్తిగా గల నాకు ఈ పని మీద గౌరవంతోపాటు కొంత అనుమానమూ ఉన్నది. తోడి ఎన్నడూ విననివాడు ఎంత వివరమైన లిపి చూసి పాడినా తోడి పలకదు. మూలం ఎరుగనివాడికి అనువాదం మీద పట్టు చిక్కదు. విన్నవాడికి మాత్రం ఆ లిపి మరచిపోయిన మలుపును గుర్తుచేస్తుంది, చెదిరిన పాఠాన్ని సరిదిద్దుతుంది. ఆ మేరకు దాని ప్రయోజనం అమూల్యం.

మరొక ఆక్షేపణ ఉన్నది. తంజావూరు బాణీని ఇంత పట్టుదలగా నాటితే తెలుగు గాయకులందరూ ఒకే అచ్చులో తయారు కారా? దీనికి జవాబు శిష్యులలోనే దొరుకుతుంది. నెడునూరి గానం నిండైన నడక గలది. ఆయన అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కూర్చి మరో దారి తొక్కారు. ఓలేటి గొంతులో హిందుస్తానీ సంగీతపు పరిమళం వినిపిస్తుంది. గురువు ఒకరే, పోలికలు మాత్రం వేరు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో పినాకపాణిగారికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మరుసటి సంవత్సరం పద్మభూషణ్ లభించింది. 1991లో అదే అకాడమీ వేదిక మీద శిష్యుడు నెడునూరి సంగీత కళానిధి అయ్యారు. ఆ గౌరవాన్ని చూడటానికి గురువు జీవించే ఉన్నారు. నిండు నూరేళ్ళకు అయిదు నెలలు తక్కువగా, 2013 మార్చి 11న కర్నూలులో ఆయన కన్నుమూశారు. మరుసటి సంవత్సరం డిసెంబరులో నెడునూరి కూడా వెళ్ళిపోయారు. మల్లాది సోదరులు శ్రీరామప్రసాద్, రవికుమార్ ఈ ఇద్దరి వద్దా నేర్చుకున్నవారు.