ముందు కట్ట, తర్వాతే నీళ్లు

నాకు బైపోలార్ ఉంది. దాంతోపాటు ఏడీహెచ్‌డీ కూడా. నా మందుల డబ్బాలో రెండు రకాల మాత్రలుంటాయి. ఒకటి లిథియం, మూడ్‌ని అదుపులో ఉంచేది. రెండోది మిథైల్‌ఫెనిడేట్ అనే స్టిమ్యులెంట్. మెదడులో డోపమైన్ పనితీరును పెంచి, ధ్యాస నిలిచేలా చేస్తుంది.

"బైపోలార్ ఉన్నవాళ్లకి స్టిమ్యులెంటా? నిప్పు మీద కిరోసిన్ పోసినట్టు కాదా?" అని డౌట్ వచ్చిందా? నాకూ వచ్చింది. మా డాక్టర్ గారు ఒక్క మాటలో తేల్చేశారు: "ముందు కట్ట వేద్దామమ్మా, తర్వాతే నీళ్లు వదులుదాం."

కట్ట అంటే లిథియం లాంటి మూడ్ స్టెబిలైజర్. ఆయన ఊరికే అన్న మాట కాదిది. స్వీడన్‌లో బైపోలార్ ఉండి మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టిన 2,307 మంది పెద్దవాళ్ల రికార్డులు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. స్టెబిలైజర్ లేకుండా ఇదొక్కటే వాడినవాళ్లలో, మొదటి 3 నెలల్లో మేనియా రేటు 6 రెట్లకు పైగా పెరిగింది. స్టెబిలైజర్‌తో కలిపి వాడినవాళ్లలో మాత్రం పెరగలేదు.

మేనియా అంటే హుషారు అనుకునేరు! నిద్ర పట్టదు, ఆలోచనలు ఆగవు, దాచుకున్న డబ్బు ఒక్క రాత్రిలో ఆన్‌లైన్ షాపింగ్‌కి పోతుంది. చూసేవాళ్లకి మాత్రం "భలే యాక్టివ్‌గా ఉంది" అనిపిస్తుంది.

అందుకే నా మూడ్ నిలకడగా ఉందని తేలాకే రెండో మాత్ర ఇచ్చారు, అదీ చిన్న డోసుతో. లిథియం లెవెల్, కిడ్నీ, థైరాయిడ్ కోసం రక్తపరీక్షలు, బీపీ, పల్స్ మామూలే. ఎన్ని గంటలు పడుకున్నానో ఫోన్లో రాసుకుంటాను. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

మొన్న హాస్టల్లో ఒక జూనియర్ అడిగింది, "అక్కా, ఎగ్జామ్స్ కదా, ఆ ఫోకస్ మాత్ర ఒకటి ఇవ్వవా?" ఇవ్వనన్నాను. ముఖం మాడ్చుకుంది. బైపోలార్ చాలామందిలో బయటపడేది ఈ వయసులోనే. తనకి ఉందో లేదో తనకే తెలియదు. కట్ట ఉందో లేదో తెలియని చెరువులోకి నీళ్లెలా వదలను? పైగా మన దేశంలో ఈ మందు ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. పంచుకోవడానికి ఇదేమీ చాక్లెట్ కాదు.

ఏడీహెచ్‌డీ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్తే, మీకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ మేనియా వచ్చి ఉంటే అడక్కపోయినా చెప్పండి. మాత్రలు సొంతంగా పెంచొద్దు, ఆపొద్దు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.