మా మామ్మ తెలుగు తప్పు కాదు

ఈసారి కోపంగా రాస్తున్నాను. అచ్చుతప్పులుంటే క్షమించండి. కోపంలో నాకు వత్తులు ఇంకా సరిగ్గా రావు.

మాంచెస్టర్‌లో విల్మ్స్‌లో రోడ్డు మీద కర్రీ మైల్ అని పిలిచే చోటు ఉంది. పొడవునా కబాబ్ హోటళ్ళు, మిఠాయి దుకాణాలు, మన సామాన్లు అమ్మే కొట్లు. చదువుకని వచ్చిన మొదటి చలికాలంలో, అక్కడ ఒక కొట్లో కింది అరలో మట్టిరంగు పిండి ప్యాకెట్ ఒకటి కనిపించింది. నేను గట్టిగానే అన్నాను, "అరె, చోడి పిండి!" అని.

పక్కనే ఉన్న నా రూమ్మేట్ నవ్వింది. తనది హైదరాబాద్. మంచి పిల్ల, వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడిలో సగం నాకే పెట్టింది. "చోడి ఏంటి? అది రాగి. మీ మలేషియాలో ఏదో కలిపేసి ఉంటారు" అంది. నేను నమ్మేశాను. నా కోపంలో సగం ఇక్కడే ఉంది. ఎవరో ఒక్క మాట అనగానే నమ్మేశాను.

మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడ ఎక్కి మలయాకి వచ్చాడు. మా వాళ్ళందరూ పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేట్లలో పనిచేశారు. అక్కడ మాలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మామ్మ (అంటే నాన్నకి అమ్మ) తెలుక్ ఇంతాన్‌లో ఒక తమిళ కొట్లో ఈ పిండి కొనేది. కొట్టాయన కేప్పై అనేవాడు, మామ్మ చోడి అనేది. ఇద్దరికీ ఎప్పుడూ గొడవ రాలేదు. పిండి తూచి ఇచ్చేవాడు, డబ్బు తీసుకునేవాడు.

విదేశంలో చదువుకుంటూ ఇంటిని గుర్తుచేసే చిన్న చిన్న సంగతుల గురించి మనలో చాలామంది రాస్తారు. కుక్కర్ విజిల్, ఆవకాయ సీసా, స్నానాల గదిలో మగ్గు. నేనూ రాశాను. (మగ్గు గురించి మళ్ళీ రాయమన్నా రాస్తాను.) ఇలాంటివి చదివి అందరూ ముచ్చటపడతారు. మీ ఇంట్లో ఆవకాయలో వెల్లుల్లి వేస్తారు, మా ఇంట్లో వెయ్యరు. అందుకని మీది ఆవకాయే కాదని నేను అనను. కానీ ఇంటిని గుర్తుచేసేది ఒక మాట అయితే మాత్రం ముందు పరీక్ష పెడతారు. అది సరైన తెలుగేనా? ఏ పుస్తకంలో ఉంది? ఏ జిల్లాది? పచ్చడికి లేని పరీక్ష మాటకి ఎందుకు?

నేనేం చేశానో కూడా చెప్పాలి. అప్పటికి నాకు అక్షరాలు నేర్చుకోవడం కొత్త. ళ, ల తేడా తెలిసిన ప్రతివాడిలాగే నాకూ కాస్త పొగరు వచ్చింది. ఆదివారం మామ్మకి ఫోన్ చేస్తే "ఏటమ్మీ, బువ్వ తినీసినావేటి?" అనేది. నేను "ఏటి కాదు మామ్మా, ఏమిటి అనాలి" అనేదాన్ని. "చోడి కాదు, రాగి అనాలట" అని కూడా చెప్పాను. మొదటిసారి నవ్వింది. రెండోసారి ఊరుకుంది. మూడోసారి "నాకు సదువు రాదు కదమ్మా" అంది. తర్వాత వారం నుంచి నాతో మలయ్‌లో మాట్లాడడం మొదలుపెట్టింది. నేనూ మలయ్‌లోనే జవాబు చెప్పాను. పెద్దదైపోయింది కదా, తెలుగు మర్చిపోతోంది అనుకున్నాను. అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. తెలుగు నేర్చుకుంటున్నానని ఊరంతా చెప్పుకుంటూ, నాతో పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడిన ఒక్క మనిషి నోరు మూయించాను.

ఇది నాకు అర్థమైంది రెండో చలికాలంలో, బస్సులో. మేడ మీది సీట్లో కూర్చున్నాను. వెనక ఎవరో అబ్బాయి ఫోన్‌లో అంటున్నాడు, "ఏటి సేత్తన్నావు? నానిప్పుడు బస్సులో ఉన్నాను, ఇంటికెల్లాక ఫోన్ సేత్తాను." నా వీపు మీద మామ్మ చెయ్యి పడ్డట్టు అనిపించింది. దిగాల్సిన స్టాప్ దాటిపోయినా దిగలేదు.

వెనక్కి తిరిగి తెలుగులోనే పలకరించాను. మీరు మా మామ్మలాగే మాట్లాడుతున్నారు అన్నాను. ఆ అబ్బాయి ముఖం మాడిపోయింది. "సారీ అండి, ఇంట్లోవాళ్ళతో అలా వచ్చేస్తుంది" అన్నాడు. ఎందుకు సారీ? ఎవరికి సారీ? వాళ్ళది టెక్కలి దగ్గర పల్లెట. హైదరాబాద్ హాస్టల్లో నాలుగేళ్ళూ ఆ యాస పోగొట్టుకోవడానికే సరిపోయిందట. మీ ఇంట్లో చోడి అంటారా అని అడిగాను. "చోడే కదండి. బయట రాగి అంటాం" అన్నాడు. నా యాస విని కాబోలు, ఆ తర్వాత పూర్తిగా ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాడు. నేను తెలుగులో అడుగుతాను, ఆయన ఇంగ్లీషులో చెబుతాడు. ఇద్దరికీ ఒకే ఇంటి భాష ఉంది, ఇద్దరం దాన్ని జేబులో దాచుకుని దిగిపోయాం.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని అందరూ పోస్టులు పెడతారు కదా. అది గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. అంటే ఇప్పటి శ్రీకాకుళం జిల్లా, "ఏటి" అనే జిల్లా. పుస్తకాల్లో మనుషులు మాట్లాడే తెలుగు ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆయన అడిగింది చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు, మా మామ్మ తెలుగు కాదు, అది నిజమే. కానీ అదే మనిషి కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవర భాషని అంత గౌరవంగా విన్నాయన చోడి అన్న మాటకి నవ్వుతారని నేననుకోను. ఆయన పేరు చెప్పి దండలు వేసేవాళ్ళు నవ్వుతారు.

సినిమాల సంగతి చెప్పనక్కర్లేదు. మా వైపు యాస వినిపించిందంటే కమెడియనో, పనిమనిషో. తెలంగాణ యాసని చాలాకాలం హాస్యానికీ విలన్లకీ వాడుకున్నదీ ఈ సినిమాలే. ఈ మాట రూమ్మేట్‌తో అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, వాళ్ళ నాన్న ఆఫీసులో ఒకలాగ, ఇంట్లో ఒకలాగ మాట్లాడతారట.

అందరికీ ఒక పొత్తు భాష ఉండాలి కదా అని మీరు అడగవచ్చు. ఉండాలి. పేపరు చదవాలంటే, కథ చదవాలంటే అది కావాలి. నేను ఇది రాస్తున్నది ఆ భాషలోనే. మామ్మలాగ రాయడం నాకు ఇంకా చేతకాదు. కానీ కొత్త చొక్కా కొనుక్కున్నామని ఇంట్లో చీరలన్నీ తగలబెట్టం.

ఇండియాలో పెరిగినవాళ్ళకి ఒక మాట. "నేను నిన్న వెళ్ళాడు" అని మాలో ఎవరైనా అంటే దయచేసి సరిదిద్దండి. అది తప్పు, మాకు తెలియాలి. మేము చోడి అంటే సరిదిద్దకండి. అది తప్పు కాదు, మీకు తెలియని మాట. ఈ రెండింటికీ తేడా తెలియనప్పుడు ఊరుకోండి. మేము తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పండి, నిదానంగా అయినా పరవాలేదు.

నాలాగే నేర్చుకుంటున్నవాళ్ళతో మాత్రం ఇంకొంచెం గట్టిగా చెబుతాను. మీ తాతో, అమ్మమ్మో వాడే మాట మీ యాప్‌లో లేకపోతే అది యాప్‌లో లోపం. పాఠం నాలుగు అయ్యాక ఇంటికి ఫోన్ చేసి పరీక్షలు పెట్టకండి. నేను పెట్టాను. చిన్నప్పుడు మామ్మ "పసార్‌కి ఎల్లొత్తాను" అనేది. పసార్ అంటే మలయ్‌లో సంత. టెక్కలిలో ఆ మాట వినిపించదు, హైదరాబాద్‌లోనూ వినిపించదు. మా ఎస్టేట్లో పుట్టింది. దాన్ని కూడా దిద్దాలని చూశాను.

మొన్న ఆదివారం ఫోన్ చేసి, అంబలి ఎలా కాయాలి అని అడిగాను. మలయ్‌లోనే మొదలుపెట్టింది. పిండి రాత్రే నీళ్ళలో కలిపి పెట్టాలి, పొద్దున్నకి కాస్త పులుస్తుంది, అంతవరకూ మలయ్. "చోడి పిండేనా మామ్మా?" అన్నాను. కాసేపు ఏమీ వినిపించలేదు. "చోడి కాపోతే ఇంకేటి?" అంది. ఆ తర్వాత ఆపలేదు. ఉండలు కట్టకుండా కలియబెట్టడం, మంట ఎంత పెట్టాలో, ఉల్లిపాయ నంజుకోవడం. నంజుకోవడం అన్న మాట నేను అంతవరకూ రాసి ఎరగను. రెండుసార్లు చెప్పించుకుని, పిండి ప్యాకెట్ మీదే పెన్నుతో రాసుకున్నాను.

నా అంబలి మాత్రం ఉండలు కట్టింది. వీడియోలో గిన్నె చూపించాను.

"ఇరవయ్యొక్క ఏళ్ళొచ్చీసినాయి," అంది మామ్మ, "అంబలి కాయడం రాదేటమ్మీ నీకు?"