మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుందా?

విద్యార్థులారా! కంప్యూటరులో పాట వింటుండగా ఉన్నట్టుండి అది ఒకచోట ఇరుక్కుపోయి, ఒకే ముక్కను టకటకా వాయించడం మీరు గమనించే ఉంటారు. అప్పుడేం చేస్తాం? ఆపి, మళ్ళీ ఆన్ చేస్తాం. పాట వస్తుంది. లోపం పోయిందనుకుంటాం. పోలేదనే నేనంటాను.

ముందు ఆ శబ్దం సంగతి చూద్దాం. సి.డి. పాటలో ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 అంకెలుంటాయి. ఇవి బఫర్ అనే చిన్న తొట్టిలో చేరుతుంటాయి. ప్రోగ్రాం నింపుతుంటే ధ్వని పరికరం తోడుకుంటుంది. తొట్టిలో 441 అంకెలే పడతాయనుకోండి. అవి సెకనులో నూరోవంతుకే సరిపోతాయి. ఆలోగా కొత్తవి రాకపోతే, పరికరం పాతవాటినే మళ్ళీ వాయించవచ్చు! అంటే లెక్క సరిగా చేస్తే చాలదు, వేళకు చేయాలి. ఇలాంటి పనుల కోసమే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టంలున్నాయి. వాటిలో కెర్నల్ అనే మూలభాగం ప్రాధాన్యాన్ని బట్టి ఏ పని ముందో, ఏది వెనుకో నిర్ణయిస్తుంది.

మరి ప్రాధాన్యం ఇచ్చిన పని కూడా ఎందుకు ఆగిపోతుంది? కారణాలు అనేకం. అందులో చిత్రమైనది ఒకటి చెబుతాను. ప్రయోగశాల తాళంచెవి ఆరో తరగతి పిల్లవాడి దగ్గరుంది. హెడ్మాస్టరుగారు తలుపు దగ్గర నిలబడ్డారు. వరండా ఇరుకు. పెద్ద తరగతులవారు ముందు నడవాలని నియమం. పదో తరగతివాళ్ళు వస్తూనే ఉన్నారు, పిల్లవాడు కదలలేడు. ఎవరూ నియమం తప్పలేదు. అయినా హెడ్మాస్టరుగారి పని ఆగిపోయింది! దీన్నే ప్రాధాన్యాల తారుమారు అనవచ్చు.

సరిగ్గా ఇదే అంగారకుడిపై జరిగింది. అమెరికా వారి మార్స్ పాత్‌ఫైండర్ 1997 జూలై 4న అక్కడ దిగింది. కొద్దిరోజులకే దాని కంప్యూటరు తనంతట తానే రీసెట్ కాసాగింది. ఆనాటి మిగిలిన పనులు మరునాటికి వాయిదా పడేవి. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు ఇక్కడున్న నకలు యంత్రంలో అదే లోపం మళ్ళీ పుట్టించి, ఏ పని తరువాత ఏది నడిచిందో పరిశీలించారు. అక్కడ హెడ్మాస్టరు, సమాచార మార్గాన్ని నడిపే పని. ఆరో తరగతి పిల్లవాడు, వాతావరణ వివరాలు సేకరించే పని. మధ్యలో అడ్డుపడినవి, మధ్యస్థ ప్రాధాన్యం గల ఇతర పనులు. ముఖ్యమైన పని వేళకు పూర్తికాలేదని గమనించి, కాపలా ఏర్పాటు కంప్యూటరును రీసెట్ చేసేది.

పరిష్కారం ఏమిటి? తాళంచెవి తిరిగి ఇచ్చేదాకా ఆ పిల్లవాడికి హెడ్మాస్టరుగారి హోదా ఇవ్వడమే! వీఎక్స్‌వర్క్స్ అనే ఆ కెర్నల్‌లో ఈ సౌకర్యం ముందే ఉంది. ఆ తాళానికి మాత్రం వాడలేదు. భూమి నుంచి మార్పు పంపి దాన్ని పనిచేయించారు. బెడద తీరింది.

ఇక్కడొక సంగతి గమనించండి. నౌక అక్కడ దిగకముందే పరీక్షల్లో ఈ లోపం కనిపించింది. వెదకబోతే మళ్ళీ రాలేదు. దిగే ఘట్టంపైనే దృష్టి పెట్టవలసిన సమయమది. వారిని నేను తప్పుపట్టను. కాని, మాయమైన లోపం నయమైన లోపం కాదని మాత్రం తెలుస్తోంది కదా!

రీసెట్ వల్లే నౌక చేజారకుండా ఉందని మీరనవచ్చు. నిజమే. అయితే అది ప్రథమ చికిత్స మాత్రమే, వైద్యం కాదు. పాట ఆగితే మళ్ళీ వినవచ్చు. ఆస్పత్రిలో ఊపిరి అందించే యంత్రం ఆగితే?

అందుకే ఈసారి పాట ఇరుక్కుంటే, ఆపేముందు నోటుపుస్తకం తీయండి. అప్పుడు ఇంకేమేం నడుస్తున్నాయి? అవే నడిపితే మళ్ళీ ఇరుక్కుంటుందా? ఒక్కసారికి ఒక్క మార్పే చేసి చూడండి. పిలిస్తే వచ్చే లోపం సగం పట్టుబడినట్లే!