భీం ఎవరి మీద తిరగబడ్డాడు?

‘ఆర్ఆర్ఆర్’ సినిమా మొదట్లోనే ఇదంతా కల్పితమని తెరమీద వేశారు. రాజమౌళి కూడా ఆ సంగతి ఎక్కడా దాచలేదు. అల్లూరి సీతారామరాజును బ్రిటిష్ వాళ్లు 1924లో కాల్చి చంపారు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ ఇద్దరికీ స్నేహం కలపడం కథకుడి హక్కు, దానితో నాకు పేచీ లేదు. అసలు పేచీ శత్రువు గురించి. భీం తెగవాళ్లయిన గోండుల పోడు భూముల మీదికి వచ్చింది నిజాం సర్కారు అటవీ, రెవెన్యూ సిబ్బంది. భీంను చంపిందీ ఆ సర్కారు పోలీసులే. సినిమాలో మాత్రం భీం పోరు ఢిల్లీలోని తెల్లదొర మీద. నిజాం కొలువు మనిషి ఒకాయన ఆ దొరలకు ఒక హెచ్చరిక చెప్పి పక్కకు తప్పుకుంటాడు. తేదీలు మారినా ఓర్చుకోవచ్చు, తిరుగుబాటు ఎవరి మీదో మారిపోతే ఎలా?

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికా నల్లజాతి హక్కుల ఉద్యమం మీద 1988లో వచ్చిన ‘మిసిసిపీ బర్నింగ్’ కథకు మూలం 1964లో ముగ్గురు కార్యకర్తల హత్య. అందులో కథానాయకులు ఎఫ్‌బీఐ అధికారులు. ఉద్యమం నడిపిన నల్లవాళ్లేమో మౌనంగా దెబ్బలు తింటుంటారు. నిజానికి ఆ రోజుల్లో అదే ఎఫ్‌బీఐ మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు చాటుగా వింటోంది! 2014లో కింగ్ ఉద్యమం మీదే వచ్చిన ‘సెల్మా’ది మరో దారి. కింగ్ ప్రసంగాల హక్కులు దొరకక వాటిని కొత్తగా రాసుకున్నారు. మాటలు ఆయనవి కావు. అధ్యక్షుడు జాన్సన్‌ను చూపిన తీరు మీదా తగాదా నడిచింది. అయినా వంతెన మీద నడిచిందెవరో, లాఠీ ఎత్తిందెవరో అందులో తారుమారు కాలేదు.

మన దగ్గర ‘మా భూమి’ సినిమాకు ఆధారం కృష్ణ చందర్ ఉర్దూ నవల. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. కథానాయకుడు రామయ్య కల్పిత పాత్ర. అయినా తెలంగాణ సాయుధ పోరాటం మీద అంతకంటే నమ్మదగ్గ సినిమా నాకు కనబడలేదు. యూనియన్ సైన్యం వచ్చాక పారిపోయిన దొరలు తిరిగి ఊళ్లోకి దిగడం అది చూపించింది. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబర్ 17ను విమోచనం అనాలా విలీనం అనాలా అని ఏటా కొట్లాడుకునే పార్టీలు ఆ ఘట్టం జోలికి పోవు. పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది మరి.

ఆ కాలాన్ని రెండు మతాల తగువుగా తీస్తే కథ సులువుగా కుదురుతుంది, నిజమే. కానీ విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువు. ఆయన మీద చాకలి ఐలమ్మ కన్నా ముందే భూమి కోసం కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిం రైతు. 1948 ఆగస్టులో నిజాం పక్షాన నిలిచిన రజాకార్లు చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. అదే నెలలో రజాకార్లు బైరాన్‌పల్లిలో ఊచకోతకు దిగారు. వీటిలో ఏది వదిలేసినా మిగతాది అబద్ధమవుతుంది.

ఇంకో తేలిక దారి కూడా ఉంది. తెలంగాణ కథ అనగానే ఒక గడీ, మీసాల దొర, వెట్టి, బాంచెన్. నల్లగొండ, వరంగల్ పల్లెలకు అది సరిపోవచ్చు. శంషాబాద్ దగ్గరి తొండుపల్లికి? ఇవాళ విమానాశ్రయం పక్కన ప్లాట్ల ధరలతో మాత్రమే వార్తల్లోకి వచ్చే ఈ శంషాబాద్ ప్రాంతం నాడు ‘పైగా’లనే పెద్ద జాగీర్దార్ల ఏలుబడిలోది. వాళ్ల పోలీసులు, కోర్టులు వేరు. సంస్థానం మొత్తమ్మీద నేరుగా సర్కారుకు శిస్తు కట్టే దివానీ భూములు సుమారు 60 శాతమే. మిగతావి జాగీర్లు, నిజాం సొంత ఖర్చుకు పోయే సర్ఫ్-ఎ-ఖాస్. జాగీరు రైతు మొర పెట్టుకోవాల్సిన గడప వేరు, దివానీ రైతుది వేరు. అంటే తొండుపల్లిలో 1940ల నవల నడపాలంటే విసునూరు గడీని ఎత్తుకొచ్చి ఇక్కడ దించితే కుదరదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నిలబడిందంటే, ఆయన అదే నేల మనిషి, పోరాటంలో ఉన్నవాడు కనుక. తర్వాతి తరానికి ఆ వెసులుబాటు లేదు. ఇక దిక్కు ఆనాటి దస్తావేజులే, అవేమో ఎక్కువగా ఉర్దూలో ఉన్నాయి. పాత హైదరాబాద్‌ను సెట్ వేయడానికి కోట్లు పోసే నిర్మాతలు ఉన్నారు. కాగితం చదివి పెట్టిన ఉర్దూ మున్షీ పేరు టైటిల్స్‌లో వేసిన తెలుగు సినిమా ఒక్కటీ నాకు గుర్తు లేదు.