హృదయం చూసేది దేవుడు సరే, కులం చూస్తున్నదెవరు?

పోయిన వారం ఒక తమ్ముడు బైబిల్ వచనాల జాబితా పంపాడు. కింద ఒకటే ప్రశ్న: "సార్, ఇంతకీ దేవుడికి మనుషుల హృదయాలు తెలుసా, తెలియదా?"

న్యాయమైన ప్రశ్నే. రాజులు మొదటి గ్రంథం 8:39లో మనుషులందరి హృదయాలూ ఎరిగినవాడు దేవుడొక్కడే అంటాడు సొలొమోను. యిర్మీయా 17:10దీ, అపొస్తలుల కార్యములు 1:24దీ అదే మాట. మరి ద్వితీయోపదేశకాండము 8:2లో ఇశ్రాయేలీయుల హృదయంలో ఏముందో తెలుసుకోవడానికే దేవుడు వాళ్లను 40 ఏళ్లు అరణ్యంలో నడిపించాడని ఉంది. ఆదికాండము 22:12లో అబ్రాహాము కొడుకు మీద కత్తి ఎత్తాకే అతని భక్తి దేవుడికి తెలిసొచ్చింది. దినవృత్తాంతములు రెండవ గ్రంథం 32:31లో హిజ్కియా మనసు తెలుసుకోవాలనే అతన్ని విడిచిపెట్టి చూశాడు.

నాస్తిక మిత్రులు "పుస్తకమే తప్పు" అని జాబితా మూసేస్తారు. పాస్టరుగారు "దేవుడికి ముందే తెలుసు, పరీక్ష మన కోసం" అని బైబిల్ మూసేస్తారు. ఇద్దరిదీ తొందరే.

ఈ చోట్లలో చాలావాటిలో, అంటే సొలొమోను ప్రార్థనలో, అరణ్యం మాటలో, అబ్రాహాము కథలో, హిజ్కియా కథలో, హీబ్రూ క్రియ ఒకటే: యాదా. సమాచారం ఉండటం ఒక్కటే కాదు దాని అర్థం. అనుభవంలో ఎరగడం కూడా. మన వాడల్లో "వాడికి ఆకలి తెలుసు" అంటాం. ఆకలి గురించి చదివాడని కాదు, పస్తులున్నాడని. సొదొమ మొర పైకి చేరినప్పుడు కూడా దేవుడు పైనుంచే తీర్పు చెప్పలేదు, దిగి వెళ్లి చూసి తెలుసుకుంటానన్నాడు (ఆదికాండము 18:21). అక్కడా అదే క్రియ. ఇది వైరుధ్యమైతే అయింది. నాకు మాత్రం ఇది కావలసిన వైరుధ్యం.

ఎందుకంటారా? సంఘంలో కులం గురించి నోరు తెరిస్తే చాలు, వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: "దేవుడు హృదయాన్ని చూస్తాడు బ్రదర్, కులాన్ని కాదు." సమూయేలు మొదటి గ్రంథం 16:7 మన నోరు మూయించే తాళమైపోయింది. సరే, దేవుడు చూడడు. మరి పెళ్లి ప్రకటనలో "క్రైస్తవ వరుడు కావలెను" పక్కన కులం పేరు రాసిందెవరు? కాథలిక్ బిషప్పుల సమాఖ్యే 2016 నాటి దళిత సాధికారత విధానంలో సంఘంలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. దేశంలో తొలి దళిత కార్డినల్ కోసం 2022 దాకా, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ దాకా ఆగాల్సి వచ్చింది. అన్నాళ్లూ మన హృదయాలు ఎవరికీ కనబడలేదా?

ఆ ఏడో వచనం దగ్గర ఆగేవాళ్లు పదకొండో వచనం దాకా ఎందుకు చదవరు? యెష్షయి కొడుకులు వరసగా వచ్చి నిలబడ్డారు. గొర్రెల దగ్గరున్న చిన్నవాణ్ని తండ్రే లెక్కలోకి తీసుకోలేదు. సమూయేలు "నీ హృదయం దేవుడికి తెలుసులే, అక్కడే ఉండు" అని కబురు పెట్టలేదు. వాడు వచ్చేదాకా ఎవరమూ కూర్చోమన్నాడు. హృదయం చూడటమంటే అది! బయట ఉన్నవాణ్ని పిలిపించడం, వాడు వచ్చేదాకా పంక్తి ఆపడం.

నిర్గమకాండము 3:7, 8లో ఐగుప్తు బానిసల వేదన తెలుసన్న దేవుడు ఆ వెంటనే విడిపించడానికి దిగివచ్చానంటాడు. తెలియడం, దిగడం పక్కపక్కనే ఉన్నాయి. దిగకుండానే తెలుసనేది దేవుడి భాష కాదు, దొర భాష.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే ఆదివారం ఎవరైనా "దేవుడు హృదయం చూస్తాడు" అంటే కాదనకండి. ఒకటే అడగండి: "అవునండీ, ఆయన దిగొచ్చి చూశాడు. మా పేటకి మీరెప్పుడొస్తారు?"

జై భీమ్.