నీరసానికి సెలైన్ ఎందుకు?



ఆసుపత్రి చెత్త గురించి ఎవరు రాసినా సంచుల రంగుల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తున్నారు. ఏ చెత్త ఏ రంగు సంచిలో వెయ్యాలో 2016 నాటి నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. 31 ఏళ్లు స్టాఫ్‌నర్సుగా పనిచేసి, ఆ సంచులు దగ్గరుండి కట్టించినదాన్ని. నాకు అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ సంచిలో పడే సామానులో రోగికి నిజంగా అవసరమై వాడింది ఎంత?

మన ఊళ్లలో నీరసమంటే సెలైన్ ఎక్కించుకోవాల్సిందే. "రెండు సీసాలు పెట్టమ్మా, లేచి తిరుగుతాను" అంటూ వరికోతల నుంచి నేరుగా ఓపీకి వచ్చేవాళ్లు. మాత్రలు రాసిస్తే అసలు వైద్యమే చెయ్యనట్టు చిన్నబుచ్చుకునేవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. మందు చుక్కచుక్కగా ఒంట్లోకి దిగడం కళ్లారా చూస్తే కలిగే ధైర్యం వేరు. కానీ అర లీటరు సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లే. 5 శాతం గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల పంచదారంత. నోటితో తాగగలిగిన మనిషికి ఇంత ఉప్పేసిన మజ్జిగ ఇంట్లోనే ఉంది.

ఆ ఒక్క సీసా దిగాక మంచం పక్కన ఏం మిగులుతుందో చూడండి. ప్లాస్టిక్ సీసా, దాని కవరు, బారెడు పీవీసీ గొట్టం, సూది, క్యాన్యులా, ప్లాస్టరు ముక్కలు, నెత్తురంటిన దూది, జత గ్లౌజులు. పెద్దాసుపత్రిలో గొట్టం ఎర్ర సంచిలోకి, సూది తెల్ల డబ్బాలోకి పోతాయి, 48 గంటల్లోపు బండి రావాలి. ఊళ్లో గోడ మేకుకు వేలాడదీసి ఎక్కించిన సీసా కోసం ఏ బండీ రాదు. అది చెరువుగట్టు పక్క పెంటకుప్పలో తేలుతుంది. మా వీధి పిల్లలు సిరంజీలతో నీళ్లు చిమ్ముకుంటుంటే లాక్కున్నాను, ఒకదానికి సూది అలాగే ఉంది. కుప్పకు నిప్పు పెడితే పీవీసీ కాలి డయాక్సిన్లు పుడతాయి. ఆ పొగలోనే మన బట్టలు ఆరతాయి.

నోటితో తాగే నీళ్లు చాలవనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. కలరాకే పనిచేసిన ఆ నీళ్లు ఎండదెబ్బ నీరసానికి చాలవా?

స్పృహ తప్పినవాళ్లకు, ఆగని వాంతులకు, షాక్‌లోకి వెళ్లిన డెంగీ రోగికి సెలైనే ప్రాణం. వాళ్లకు చుక్క కూడా తగ్గించకూడదు. మిగతావాళ్లకు పెట్టినప్పుడు మాత్రం ఎందుకు పెట్టారో ఓపీ చీటీ మీద రాయడం తప్పనిసరి చెయ్యాలి. నెలకు ఎన్ని సీసాలు ఖర్చయ్యాయో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రాసిపెట్టాలి. ప్రైవేటు క్లినిక్కులకూ ఇదే వర్తించాలి.

నేను చివరగా పనిచేసిన చోట ఓపీ బల్ల మీద ఓఆర్‌ఎస్ కూజా, స్టీలు గ్లాసులు పెట్టాం. ఏ రోజుది ఆ రోజే కలిపేవాళ్లం. రాగానే రెండు గ్లాసులిచ్చి, అరగంట ఫ్యాను కింద కూర్చోబెట్టేవాళ్లం. చాలామంది సీసా మాటెత్తకుండానే ఇంటికి నడిచి వెళ్లారు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్‌నర్సు,
గుంటూరు జిల్లా