మైక్రోస్కోపు దగ్గర కూర్చునే పిల్లలూ మన పిల్లలే



పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మా నర్సింగ్ ఆఫీసుకు తల్లిదండ్రులు సలహా కోసం వస్తుంటారు. తుని, పాయకరావుపేట, కోటనందూరు, తొండంగి ఇలా చుట్టుపక్కల అన్ని ఊళ్ల నుంచీ వస్తారు. ఒకప్పుడు అందరూ నర్సింగ్ గురించే అడిగేవారు. కొన్నేళ్లుగా బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ల్యాబ్ టెక్నాలజీ, ఫార్మసీ చదివే పిల్లల పెద్దలు కూడా వస్తున్నారు. వీరందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "సిస్టరమ్మగారూ, ఆ కాలేజీలో ప్లేస్‌మెంటు ఉందాండీ?"

అడగవలసిన ప్రశ్నే. అప్పు చేసి చదివించినవారికి పిల్ల ఎప్పుడు సంపాదిస్తుందా అన్న ఆరాటం ఉంటుంది. అయితే ఆ ఒక్క ప్రశ్నతోనే ఆగిపోవడం వల్ల మన ప్రాంతపు పిల్లలు చాలా నష్టపోతున్నారని మా అభిప్రాయం. ఆ నష్టంలో మన ఆసుపత్రులకూ, సంఘాలకూ కూడా భాగం ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన చుట్టూ ఉద్యోగాలు లేవని కాదు. నక్కపల్లి వైపు హెటెరో ఉంది. తొండంగి మండలంలో దివీస్ వారి కర్మాగారం 2025లో పని మొదలుపెట్టింది. ఇంకొంచెం ముందుకు వెళితే పరవాడ ఫార్మా సిటీ. ఎమ్మెస్సీ, ఎమ్.ఫార్మసీ పూర్తిచేసిన పిల్లలు వీటిలో క్వాలిటీ కంట్రోల్‌లోనో ప్రొడక్షన్‌లోనో చేరుతున్నారు. కంపెనీ బస్సు, షిఫ్టు డ్యూటీ, నెల జీతం. కష్టపడి చేసుకునే గౌరవమైన పనే అది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ రోగం ఎందుకు వస్తుందో, మందు ఎలా పనిచేస్తుందో చదివిన పిల్లకు అదొక్కటే దారి అనుకోవడం మాత్రం పొరపాటు. తక్కిన దారులు ఉన్నాయని చెప్పేవారు లేకపోవడం అంతకన్నా పెద్ద లోటు.

మన గోదావరి జిల్లాల్లో పుట్టిన ఒకరి సంగతే చూద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం మీద ఆధారపడి 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. అక్కడ బ్రతుకుతెరువు కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. రోగుల పాన్లు, మూత్రపాత్రలు శుభ్రం చేసే పని. ఆ పని ఎంత కష్టమో మా నర్సులకు వేరే చెప్పనక్కరలేదు. పగలు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్త ల్యాబులో బల్ల దొరికింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వారిద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఇన్నేళ్లయినా బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దాన్ని నేర్చుకుంటూనే ఉన్నారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది.

ఈ కథను మన పుస్తకాల్లో గొప్పగా చెప్పుకుంటాం. కానీ అందులో రెండు విషయాలు వదిలేస్తాం. ఒకటి, ఆయన వెనుక కాకినాడ ధర్మసంస్థ నిలబడింది. రెండు, పిహెచ్.డి. చేతికి వచ్చాక కూడా హార్వర్డ్ ఆయనకు శాశ్వత స్థానం ఇవ్వలేదు. పదేళ్లు చూసి 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, పసిపిల్లల రక్త కేన్సరుకు మందు కనిపెట్టింది, బోదకాలుకు డీఈసీ మందు తెచ్చింది. కంపెనీ ఉద్యోగం అంటే పరిశోధనకు దూరం కావడం కాదు. యూనివర్సిటీ అంటే జీవితాంతం నీడా కాదు. మన పిల్లలు రెండు దారులూ తెలిసి ఎంచుకోవాలి. ఏ దారీ తెలియక ఏదో ఒకదానిలో పడిపోకూడదు.

ఇక క్యాంపస్‌లో ఉన్న అవకాశాలు ఏమిటి? మాకు తెలిసినంతవరకు చెబుతాం.

మొదటిది, చదువుకుంటూ జీతంలాంటి స్టైపెండు పొందడం. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే పిహెచ్.డి. చేసేటప్పుడు మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు ఇస్తారు. 2023 జనవరి నుంచి ఈ మొత్తం అమలులో ఉంది. ఆడపిల్లలకు వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఉంది. పెళ్లి, కాన్పు కారణంగా చదువు ఆగిన అమ్మాయిలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఎమ్.ఫార్మసీలో జిప్యాట్ ద్వారా చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. కొన్ని యూనివర్సిటీల్లో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ సీట్లు గ్యాట్-బి పరీక్ష ద్వారా వస్తాయి. వాటికి కూడా స్టైపెండు ఉంది. పిహెచ్.డి. అంటే ఇంట్లో నుంచి డబ్బు పోయడమే అనుకునే తల్లిదండ్రులు ఈ అంకెలు ఒక్కసారి చూడాలి.

రెండవది, వేసవి సెలవులు. మూడు సైన్సు అకాడమీలు కలిసి ప్రతి ఏటా విద్యార్థులకు రెండు నెలల వేసవి ఫెలోషిప్పులు ఇస్తాయి. పేరున్న ల్యాబులో పనిచేయవచ్చు. దరఖాస్తులు మాత్రం అంతకు ముందు సంవత్సరం చివర్లోనే పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక ఆలోచిస్తే బండి వెళ్లిపోయినట్టే.

మూడవది, మన రోగాలతో ముడిపడిన చదువులు. బోదకాలు, మలేరియా మన జిల్లాలకు కొత్త కాదు. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో దోమల గురించే పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ అనే ఎమ్మెస్సీ ఉంది. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ మన రాజమండ్రిలోనే ఉంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, సీసీఎంబీ ఉంది. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ 2018లో మొదలైంది. తునిలో రైలెక్కితే రెండు గంటల దూరం. ఒక చిన్న స్పేర్ పార్టు తెలియక వార్డు మూలన పడి ఉన్న ఇన్‌క్యుబేటరును చూసినప్పుడల్లా బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివిన పిల్ల ఒక్కతె మన దగ్గర ఉంటే బాగుండును అనిపిస్తుంది.

కనుక కాలేజీలో చేర్చే ముందు ప్లేస్‌మెంటుతో పాటు మరికొన్ని ప్రశ్నలు అడగండి. గత మూడేళ్లలో ఇక్కడి నుంచి ఎంతమంది నెట్, గేట్ పాసయ్యారు? ప్రాజెక్టు పని పిల్లలు స్వయంగా చేస్తారా, బజారులో కొని బైండింగ్ చేయిస్తారా? ల్యాబులో పరికరం చేత్తో ముట్టుకోనిస్తారా, అద్దాల బీరువాలో చూపిస్తారా? చివరి ఏడాదిలో ఏ ఆసుపత్రికి పంపుతారు? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే కాలేజీ మంచి కాలేజీ.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఏ ఆసుపత్రికి పంపుతారు అని కాలేజీని అడగమన్నాం. వాళ్లు మన దగ్గరకు పంపితే మనం ఏం చేస్తున్నాం?

1986లో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. చెన్నైలో నిర్మల అనే డాక్టరు మైక్రోబయాలజీ పీజీ చదువుతున్నారు. ఆమె ప్రొఫెసరు సునీతి సోలమన్ గారు హెచ్ఐవి మీద పరిశోధన చేయమన్నారు. మన దేశంలో ఆ జబ్బు లేదని అందరూ అనుకుంటున్న రోజులవి. ఆమె నమూనాలు సేకరించారు గానీ పరీక్ష చేసే సదుపాయం అక్కడ లేదు. అప్పుడు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ తన ల్యాబు తలుపు తెరిచింది. ఆమె నమూనాలు తీసుకుని రైలెక్కి వెళ్లారు. ఆరు నమూనాలు రంగు మారాయి. దేశంలో హెచ్ఐవి ఉన్నదని మొట్టమొదట తెలిసింది అలాగే. ఒక పీజీ విద్యార్థిని ప్రశ్న, ఒక మిషన్ ఆసుపత్రి బల్ల కలిసినందువల్ల దేశం కళ్లు తెరిచింది.

మనది వెల్లూరు కాదు, నిజమే. కానీ మన దగ్గర రోగులున్నారు, మైక్రోస్కోపు ఉంది, ఏళ్ల తరబడి రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. పుస్తకంలో దొరకనిది మనం నేర్పగలం. ఫలితం తప్పు రావడం చాలాసార్లు మిషన్ దగ్గర కాదు, మంచం దగ్గరే మొదలవుతుంది. సూది తీయకుండా సిరంజితో రక్తాన్ని గట్టిగా గొట్టంలోకి నెడితే ఎర్రకణాలు పగిలి పొటాషియం లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. చక్కెర పరీక్షకు తీసిన రక్తం మామూలు గొట్టంలో గంటల తరబడి ఉండిపోతే చక్కెర తగ్గి కనబడుతుంది. బోదకాలు క్రిమి కోసం రాత్రి పదింటి తర్వాత ఎందుకు రక్తం తీస్తారో, నిద్ర లేపిన రోగికి ఎలా నచ్చజెప్పాలో వార్డులోనే నేర్చుకోవాలి. నమూనా తీసే చెయ్యి నర్సుది, చూసే కన్ను ల్యాబు వారిది. ఇద్దరూ ఒకరి పని ఒకరు ఎరిగినప్పుడే రోగికి మేలు.

చాలాచోట్ల ట్రైనింగు పేరిట పిల్లలను పెట్టుకుని వార్డు నుంచి ల్యాబుకు గొట్టాలు మోయిస్తారు, రిపోర్టులు అతికిస్తారు, రెండు నెలలయ్యాక సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కొన్నిచోట్ల దానికి ఎదురు డబ్బు కూడా తీసుకుంటారు. దాన్ని శిక్షణ అనరు, వెట్టి అంటారు. మన ఆసుపత్రిలో అలా జరగకూడదు.

అందుచేత పాలకవర్గం వారికి మా మనవి ఇది. ఏడాదికి నలుగురు పీజీ విద్యార్థులను, ఒకసారికి ఇద్దరి చొప్పున, ఫీజు లేకుండా రెండు నెలలు తీసుకుందాం. మతం, కులం చూడవద్దు. ఒక్కొక్కరికి ఒక చిన్న ప్రశ్న ఇద్దాం. మన గర్భిణీ స్త్రీలలో రక్తహీనత ఏ నెలలో ఎక్కువ? మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు మనం వాడే మందులు ఎంతవరకు పనిచేస్తున్నాయి? రోగి పేరు, ఊరు బయటకు పోకుండా, పద్ధతి ప్రకారం అనుమతులు తీసుకుని చేయిద్దాం. వచ్చిన జవాబు మనకే పనికివస్తుంది. ఆడపిల్లలు రాత్రి డ్యూటీ చూడాలంటే మా నర్సుల హాస్టల్లో రెండు మంచాలు సర్దడం మాకు పెద్ద పని కాదు.

సంఘాలకు ఇంకొక మాట. వెల్లూరు వంటి మిషన్ కాలేజీలకు సంఘం స్పాన్సర్ చేసి పిల్లలను పంపడం, చదువు అయ్యాక వారు మిషన్ ఆసుపత్రుల్లో కొన్నేళ్లు సేవ చేయడం మనకు పాత ఆచారమే. కానీ స్పాన్సర్‌షిప్ అనగానే మనకు గుర్తొచ్చేది డాక్టరు, నర్సు. ల్యాబులో కూర్చునే పిల్ల గుర్తుకు రాదు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ల్యాబు టెక్నాలజీ వంటి వృత్తులన్నిటికీ జాతీయ కమిషన్ ఏర్పరచింది. ప్రభుత్వం గుర్తించిన వృత్తిని సంఘం గుర్తించకపోతే ఎలా? కోట్లు అక్కరలేదు. పరీక్ష ఫీజు, హైదరాబాదుకు రైలు ఛార్జీ, రెండు రోజుల బస. చాలామంది పిల్లలు ఆగిపోయేది అంత చిన్న గడప దగ్గరే.

"మనం నేర్పుతాం, వాళ్లు హైదరాబాదుకో అమెరికాకో పోతారు, మనకేమిటి లాభం?" అని కొందరు పెద్దలు అంటారు. నర్సుల విషయంలోనూ ఈ మాట ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. కొందరు వెళతారు. పని, గౌరవం చూపిస్తే కొందరు ఉంటారు కూడా. వెళ్లినవారి గురించి ఒక్కటే చెబుతాం. సుబ్బారావు గారు మళ్లీ ఇంటికి రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. కానీ గర్భిణుల క్లినిక్‌లో మేము రోజూ చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంది. మన గుమ్మాల దగ్గరకు వచ్చి మింగించిన బోదకాలు మాత్ర డీఈసీయే. మనిషి రాకపోయినా మందు వచ్చింది. ఆనాడు కాకినాడ ధర్మసంస్థ లాభం లెక్కవేసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

తలాంతుల ఉపమానం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. తలాంతును భూమిలో పాతిపెట్టినవాడిని తప్పుపట్టాం. మన కళ్లెదుట ఎమ్మెస్సీ చేసిన పిల్ల ఇంట్లో కూర్చుని ఉంటే, ఆ పాతిపెట్టిన చెయ్యి ఎవరిది?

పాస్టరుగార్లకు చివరిగా ఒక చిన్న కోరిక. ఆదివారం ఆరాధన ముగిశాక పెళ్లి ప్రకటనలు, కూటాల ప్రకటనలు చదువుతారు కదా. వాటితో పాటు నెట్ దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడో కూడా చదవండి. తేదీలు సేకరించి మీకు పంపే పని మేము చేస్తాం.